సిట్కా చెట్ల కింద గుడారం

ఆరిగాన్ రాష్ట్రంలో, పసిఫిక్ ఒడ్డున, యాహాట్స్ అనే చిన్న ఊరు దాటి కాస్త దక్షిణానికి వెళితే కేప్ పర్పెచువా అనే కొండకొమ్ము సముద్రం మీదికి వాలి ఉంటుంది. ఎనిమిది వందల అడుగుల పైచిలుకు ఎత్తు. దాని పాదం దగ్గర, వాగు పక్కన, సయూస్లా జాతీయ అటవీప్రాంతంలో ఒక చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉంది. గుడారాలు వేసుకునే చోట్లు నలభై కూడా ఉండవు. నెత్తిన సిట్కా స్ప్రూస్ చెట్లు, కాళ్ళ కింద నాచు. నాలుగడుగులు వేసి రోడ్డు దాటితే సముద్రం. 1983లో చదువుకోసం ఇదే రాష్ట్రంలోని కొర్వాలిస్ వచ్చిన నాకు అది మొదటి సెలవుల చోటు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఇప్పుడు మనవలు... ఏ దశలోనూ అక్కడికి వెళ్ళడం మానలేదు.

పోర్ట్‌లండ్, హిల్స్‌బరో వైపు కొత్తగా కాపురాలు పెట్టిన తెలుగు పిల్లలు వేసవి రాగానే నన్ను అడుగుతారు: "అంకుల్, క్యాంపింగ్‌కి ఏమేం పట్టుకెళ్ళాలి?" అది ఏ దుకాణంవాడైనా చెబుతాడు. వాడు చెప్పలేనివి కొన్ని నా దగ్గరున్నాయి. ఆలస్యంగా తెలిసినవే ఎక్కువ.

1. ఊళ్ళో ఎండను చూసి సముద్రం దగ్గరికి బట్టలు సర్దుకోవద్దు.

కొర్వాలిస్‌లో ముప్ఫై అయిదు డిగ్రీల ఎండ కాస్తున్న జూలైలో, ఆల్సీ లోయ మీదుగా గంటన్నర ప్రయాణిస్తే తీరంలో పదిహేను డిగ్రీలు, మంచుపొగ. సముద్రపు గాలి అంటే మచిలీపట్నం గాలి ఒక్కటే తెలిసినవాణ్ణి నేను. ఇక్కడ వేసవిలో ఉత్తరం నుంచి వీచే గాలులు పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా తోసేస్తాయి. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే గాలి పొగమంచై ఒడ్డెక్కుతుంది. లోపలి లోయల్లో ఎండ ఎంత మండితే తీరానికి ఆ పొగ అంత జోరుగా లాక్కొస్తుంది. ఇదంతా నాకు తరవాత తెలిసిన శాస్త్రం. మొదటిసారి తెలిసింది మాత్రం నూలు చొక్కా తడిస్తే ఒంటిమీద ఆరదని.

రెండు కంబళ్ళు కప్పుకున్నా ఆ రాత్రి వణుకు తగ్గలేదు. పైన ఎన్ని కప్పుకున్నా వేడిని లాగేది కింది నేల. ఉత్త గాలి నింపిన పరుపు ఆ నేలకే సాయం చేస్తుంది. కప్పుకునేదాని మీద పెట్టే డబ్బులో సగం కింద పరుచుకునే దళసరి ప్యాడ్ మీద పెట్టండి. ఇంకొకటి: చలి అని గుడారం కిటికీలన్నీ బిగించేస్తే తెల్లారేసరికి మీ ఊపిరే కప్పుకు పట్టి మీ మీద చుక్కలు చుక్కలుగా కారుతుంది. గుడారం ఓటిదని దాన్ని అమ్మినవాణ్ణి నేను చాలాకాలం తిట్టుకున్నాను.

2. సముద్రానికి మీ సెలవులతో పనిలేదు.

కొండకొమ్ము కింది నల్లరాళ్ళ గుంటల్లో, పాటు సమయంలో నీరు తీసినప్పుడు, ఒక లోకం బయటపడుతుంది. ఊదారంగు, నారింజరంగు నక్షత్రచేపలు, వేలు తగిలితే ముడుచుకునే పచ్చటి సముద్రపుష్పాలు, ముళ్ళబంతుల్లాంటి అర్చిన్లు. చాలామంది వీటిని చూడకుండానే తిరిగి వెళ్తారు. కొన్నేళ్ళు నేనూ అంతే. శనివారం పొద్దెక్కాక లేచి, టిఫిన్లు ముగించి, పదకొండింటికి పిల్లల్ని వెంటేసుకుని దిగేవాణ్ణి. అప్పటికి పోటు వచ్చి రాళ్ళన్నీ మునిగి ఉండేవి. "ఇక్కడేం లేదురా" అని వెనక్కి తిప్పేవాణ్ణి.

ఈ తీరాన రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. రెండు పాట్లూ సమానం కావు, ఒకటి బాగా లోతుకు దిగుతుంది. వేసవిలో ఆ లోతైన పాటు తెల్లవారుజామునో పొద్దు పొడిచాకనో వస్తుంది. మర్నాడు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా మరీ ఎక్కువ. తిథులు చూసి వలలు వేసే బెస్తలున్న సీమలో పుట్టి, పోటుపాట్ల పట్టిక ఒకటుంటుందని నాకు తోచకపోవడం ఇప్పటికీ చిన్నతనంగా ఉంటుంది. ముందు ఆ పట్టిక చూసి, తరవాత సెలవు పెట్టండి.

ఒక ఏడాది మా అబ్బాయి ఒక ఊదారంగు నక్షత్రచేపను బక్కెట్లో వేసుకుని గుడారానికి తెచ్చాడు. ముచ్చటపడి ఊరుకున్నాను. పొద్దున్నకి అది చచ్చి కంపు కొడుతోంది. ఒక్క చేపే కదా అనుకున్నాం. 2013, 2014 ప్రాంతాల్లో ఈ తీరమంతటా నక్షత్రచేపలకు ఒళ్ళు కరిగిపోయే తెగులు వచ్చింది. ఇరవై నాలుగు దాకా చేతులుండే సన్‌ఫ్లవర్ నక్షత్రాలు ఇక్కడ దాదాపు కనబడకుండా పోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2014 జనవరి 1 నుంచి, పర్పెచువా దగ్గరి సముద్రాన్ని రక్షితప్రాంతం చేసి వేట ఆపేశారు. మా మనవరాలు ఇప్పుడు రాళ్ళలో ఒక్క నక్షత్రం కనబడితే కేక పెడుతుంది. వాళ్ళ మామయ్య బక్కెట్ సంగతి దానికి ఇంకా చెప్పలేదు.

3. ఒక మనిషిని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళేముందు, ఆ మనిషికీ సముద్రానికీ మధ్య ఏం జరిగిందో అడగండి.

మాది దివిసీమ. అవనిగడ్డకు అవతల చిన్న పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను విశాఖపట్నంలో చదువుతున్నాను. రోడ్లు లేవు, తంతి లేదు. నేను ఊరు చేరేసరికి రోజులు గడిచాయి. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయిన ఉప్పెన అది. అందులో మా చిన్నాన్న ఇంటిల్లిపాదీ ఉన్నారు. మా నాన్న బడి డాబా ఎక్కి బతికాడు. ఆ రాత్రి గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోతే మరిచిపోయాడనే అనుకున్నాను. చదువుకున్న కొడుకులకు ఇదొక సౌకర్యం.

1998 వేసవిలో ఆయన మా దగ్గరికి వచ్చాడు. పసిఫిక్ మహాసముద్రం చూపిద్దామని గర్వంగా పర్పెచువాలో చోటు బుక్ చేశాను. కారు దిగగానే చుట్టూ చూసి ఆయన అడిగిన మొదటి మాట: "ఒరే అబ్బాయ్, మెరక ఎటుందిరా?"

"కొండ ఇదిగో పక్కనే ఉందిగా నాన్నా. కారెక్కితే అయిదు నిమిషాల్లో పైన ఉంటాం" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కొండెక్కే కాలిబాట ఎక్కడ మొదలవుతుందో నడిచి చూసి వచ్చాడు. రాత్రి గుడారంలోకి రాలేదు. కారు ముందు సీటులో, కాళ్ళకు బూట్లు విప్పకుండా కూర్చున్నాడు. చలికనుకుని హీటర్ వేసి ఇచ్చాను. "తాతయ్యకు టెంటు అలవాటు లేదర్రా" అని పిల్లలకు సర్దిచెప్పాను. సముద్రం రాత్రంతా హోరుపెడుతూనే ఉంది. నేను హాయిగా నిద్రపోయాను.

ఆ తరవాత చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నవి ఇవి. ఈ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో కాస్కేడియా అనే పగులు ఉంది. 1700 జనవరి 26 రాత్రి అది కదిలింది. భూకంపం తీవ్రత దాదాపు తొమ్మిది. కొన్నిచోట్ల ఒడ్డు నేల మీటరుకు పైగా కుంగింది. ఉప్పునీటిలో నిలబడి చచ్చిన దేవదారు మోళ్ళు వాషింగ్టన్ తీరాన ఇంకా ఉన్నాయి. ఇక్కడ రాసిపెట్టినవాళ్ళు లేకపోయినా జపానులో ఉన్నారు: భూమి కంపించకుండానే తమ ఊళ్ళ మీదికి వచ్చిన అలల సంగతి అక్కడి దస్తావేజుల్లో దొరికింది. తారీకు తేలింది దానివల్లే. ఇంకా దగ్గరి సంగతి 1964 మార్చిది. అలాస్కా భూకంపం లేపిన అల, పర్పెచువాకు ఉత్తరంగా ఉన్న బెవర్లీ బీచ్‌లో, ఒడ్డున రాత్రి బస చేసిన ఒక కుటుంబం మీద పడింది. నలుగురు పిల్లలూ కొట్టుకుపోయారు.

ఇప్పుడు తీరం పొడుగునా నీలంరంగు బోర్డులున్నాయి. అల వెంట పడుతుంటే గట్టెక్కుతున్న మనిషి బొమ్మ. నేల బలంగా కంపిస్తే సైరన్ కోసం ఆగకండి, సామాను కోసం చూసుకోకండి, కాలినడకన మెరకకు పొండి అని అధికారులు చెబుతారు. రోడ్లు చీలిపోవచ్చు, కార్లు ఇరుక్కుపోవచ్చు, అందుకే నడక. కాస్కేడియా పేరు కూడా వినని రైతు దిగగానే అడగవలసిన ప్రశ్న అడిగాడు. ఇంజనీరు కొడుకు కారు చూపించాడు.

నాన్న 2003లో పోయాడు. డాబా మీద ఆ రాత్రి ఏం చూశాడో మా అక్కకు మాత్రం ఎప్పుడో కొంత చెప్పాడట. పర్పెచువాలో బూట్లు వేసుకుని కూర్చున్న ఆ రాత్రి, పక్క సీటు ఖాళీగా ఉంది. నేను వెళ్ళి కూర్చుని ఉంటే చెప్పేవాడేమో.

4. అలకు వీపు చూపించవద్దు.

ఇది చిన్న మాటే, కానీ ఏటా ప్రాణాలు తీసే సంగతి. పది ఇరవై నిమిషాలు చిన్న చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి ఒకటి మిగతా వాటిని దాటి చాలా దూరం పైకి పరుగెత్తుకొస్తుంది. స్నీకర్ వేవ్ అంటారు. నీరు పది పన్నెండు డిగ్రీల చలి, పడినవాడికి ఊపిరి అందదు. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగలు ఫొటోలకు బాగుంటాయని పిల్లల్ని వాటి మీద నిలబెడతారు. టన్నుల బరువున్న దుంగను లేపడానికి జానెడు నీరు చాలు. లేచిన దుంగ కింద ఎవరున్నారో అది చూడదు. మా ఇంటి ఆల్బమ్‌లో అలాంటి ఫొటో ఒకటుంది. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా గొప్పతనం కాదు.

5. వంటిల్లు వెంట తీసుకెళ్తే, వండేవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయినట్టు.

తొంభైల్లో నాలుగైదు తెలుగు కుటుంబాలం కలిసి వెళ్ళేవాళ్ళం. ఇడ్లీపిండి, పెసరట్టు పిండి, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్వు, మూడు రకాల పచ్చళ్ళు, కూలర్ నిండా పెరుగు. వానలో టార్పాలిన్ కింద వేడి పెసరట్టు తిన్నామని సోమవారం ఆఫీసులో నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ పెసరట్టు పోసినావిడ ఏం చూసిందని ఎవరూ అడగలేదు. మగవాళ్ళం టీ గ్లాసులు పట్టుకుని రాళ్ళ మీద నిలబడితే, ఆడవాళ్ళు టార్పాలిన్ కింద పొద్దుటి వంట నుంచి మధ్యాహ్నం వంటకు వెళ్ళేవారు. గిన్నెలు తోమేసరికి పొగమంచు మళ్ళీ దిగేది.

ఆ క్యాంప్‌గ్రౌండ్ నుంచి వాగు వెంట ఒక మైలు నడిస్తే ఒక మహావృక్షం ఉంది. అయిదు వందల యాభై ఏళ్ళ సిట్కా స్ప్రూస్, నూట ఎనభై అడుగులకు మించిన ఎత్తు. అది మొలిచింది నేల మీద కాదు, పడిపోయిన మరో చెట్టు మొద్దు మీద. మొలక వేళ్ళు మొద్దును కావలించుకుని మట్టిలోకి దిగాయి. వందల ఏళ్ళకు మొద్దు కుళ్ళి మాయమైంది. వేళ్ళ మధ్య అది ఉన్న చోటు మాత్రం గుహలా మిగిలింది. పిల్లలు అందులోంచి దూరి బయటికొస్తారు. దారి చదునుగానే ఉంటుంది. మా ఆవిడ ఆ చెట్టు చూసింది పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళిపోయాక. రాళ్ళ గుంటల దాకా దిగుదామని నేను బుద్ధి తెచ్చుకుని అడిగేనాటికి ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పుడు పైన బల్ల మీద కూర్చుని చూస్తుంది. "నాకు పర్పెచువా అంటే గాలికి ఆరిపోయే ఆ స్టవ్వే గుర్తు" అంటుంది, కోపం లేకుండానే. కోపంగా అన్నా బాగుండేది.

ఇంటి దగ్గరే వేయించి పోపు కలిపిన ఉప్మా రవ్వ, కందిపొడి, ఒక పచ్చడి, పెరుగు, అరటిపళ్ళు. రెండు రోజులకు ఇంతకు మించి అక్కర్లేదు. గిన్నెలు ఎవరు తోమాలో బయలుదేరే ముందే తేల్చుకోండి.

6. అడవిలో ఒక్క మెతుకూ చిన్నది కాదు.

మార్బుల్డ్ మర్రెలెట్ అని ఒక పిట్ట ఉంది. సముద్రపు పక్షి, చేపలు తిని బతుకుతుంది. గుడ్డు పెట్టడానికి మాత్రం తీరం వదిలి అడవిలోకి వచ్చి, ముదురు చెట్ల మీద ఎక్కడో ఎత్తున, నాచు పట్టిన కొమ్మ వెడల్పు చూసుకుంటుంది. ఏడాదికి ఒకే గుడ్డు. గూడు కూడా కట్టదు. ఈ పిట్ట ఎక్కడ పిల్లల్ని చేస్తుందో పక్షిశాస్త్రజ్ఞులకు చాలాకాలం అంతుపట్టలేదు. 1974లో కాలిఫోర్నియాలో చెట్టెక్కిన ఒక మనిషికి అనుకోకుండా కొమ్మ మీద పిల్ల దొరికాక గాని తెలియలేదు. ముదురు చెట్లు నరికేకొద్దీ ఇది తగ్గిపోయింది. 1992లో ఈ తీరంలో దీన్ని ముప్పున్న జాతుల్లో చేర్చారు.

మనకేమిటి సంబంధం అంటారా? క్యాంప్‌గ్రౌండ్‌లో రాలిన మెతుకుల కోసం కాకులు, బొంతకాకులు, స్టెల్లర్స్ జే అనే నీలిపిట్టలు చేరతాయి. తిండి ఎక్కువైన చోట వాటి సంఖ్యా ఎక్కువవుతుంది. తిని ఊరుకోవు, చుట్టుపక్కల కొమ్మలు వెతికి గుడ్లు, పిల్లలు తింటాయి. మా పిల్లలు జంతికలు విరిచి ఆ నీలిపిట్టలకు వేస్తుంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీశాను. మిగిలిన పులిహోరను "ఏదో ఒక జీవి తింటుందిలే" అని చెట్టు మొదట్లో వంపినవాణ్ణి కూడా నేనే. పుణ్యం అనుకున్నాను. తిండి, చెత్త రెండూ కారులో పెట్టి తలుపు వెయ్యండి. బల్ల కింద రాలిన మెతుకులు ఏరండి. రాత్రి రకూన్లు రాకుండా ఉండడం మీకు అదనపు లాభం.

7. మీరు గుడారం వేసే నేల మీద అంతకుముందు మనుషులున్నారు.

పర్పెచువా అనే పేరు 1778 మార్చి 7న ఓడ మీద నుంచి చూసిన కెప్టెన్ కుక్ పెట్టింది. ఆ రోజు ఆ పేరుగల క్రైస్తవ పునీతురాలి పండగ. కొండ మీది రాతి మండపం 1930లలో ప్రభుత్వం పని కల్పించిన కుర్రాళ్ళు కట్టింది. ఈ రెండు సంగతులూ వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాణ్ణి. ఇంతేననుకున్నాను.

యాహాట్స్ నుంచి ఈ కొండ మీదికి ఒక కాలిబాట ఉంది, అమాండా పేరు మీద. ఆమె కూస్ తెగకు చెందిన చూపులేని స్త్రీ. 1864లో సైనికులు ఆదివాసుల్ని పట్టి, దక్షిణం నుంచి ఈ తీరం వెంట రాళ్ళ మీదుగా నడిపించి, యాహాట్స్ దగ్గరి నిర్బంధ స్థలానికి చేర్చారు. కూతుర్ని వదిలి రావలసి వచ్చిన అమాండా పాదాలు రాళ్ళకు కోసుకుపోయి, నడిచిన దారంతా నెత్తురు పడింది. ఈ సంగతి రాసిపెట్టింది ఆ సైనికుల్లోనే ఒకడు, తన దినచర్యలో. నేను ఆ బాటలో వ్యాయామం కోసం చాలాసార్లు నడిచాక, ఒకరోజు ఆగి బోర్డు చదివాను. అంతకుముందు ఆ బోర్డు నీడలో నీళ్ళు తాగేవాణ్ణి.

ఆరిగాన్‌లో 1967 చట్టం వల్ల ఒడ్డు ఇసుక అందరిదీ. ఏ హోటలూ దానికి కంచె వెయ్యలేదు. ఆ చట్టమంటే నాకు ఇష్టం. అందరిదీ అన్నప్పుడు ఎవరి దగ్గర తీసుకుని అందరికీ ఇచ్చారో కూడా తెలిసి ఉండాలని మాత్రం ఇప్పుడు అనిపిస్తుంది.

8. మీకు బాగా వచ్చిన పనిని పిల్లల చేతిలోంచి లాక్కోవద్దు.

గుడారం వెయ్యడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. గాలి దిశ, నేల వాలు, నెత్తిన ఎండుకొమ్మలు, అన్నీ చూసి పావుగంటలో నిలబెట్టేవాణ్ణి. మా అబ్బాయి మేకులు పట్టుకుని పక్కన నిలబడేవాడు. వాడెప్పుడైనా ఒక మేకు దిగగొడితే వంకరగా ఉందని పీకి మళ్ళీ కొట్టేవాణ్ణి. వాడు ఇప్పుడు ఆస్టిన్‌లో ఉంటాడు. క్యాంపింగ్ అంటే హోటల్ దొరకనివాళ్ళు చేసే పని అంటాడు.

పోయిన జూలైలో మా అమ్మాయి కూతురు గుడారం తనే వేస్తానంది. పన్నెండేళ్ళది. వేసిన చోటు పల్లం. నాకు కనబడుతూనే ఉంది. నాలుక కరుచుకుని ఊరుకున్నాను, ఆరుబయట నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు. అర్ధరాత్రి జల్లు పడింది. రెండు గంటలకు ఇద్దరం పరుపులు చుట్టుకుని కారులోకి పరుగెత్తాం. పొద్దున్నే లేచి అది తడి నేలంతా కాలితో తొక్కి చూసి, నీళ్ళు ఎటు నుంచి ఎటు వచ్చాయో గీత గీసుకుని, వాగుకు దూరంగా మెరక చూసి గుడారం మార్చింది. నన్ను మేకులు పట్టుకోమంది. పట్టుకున్నాను. రెండు తప్పువి అందించానని కోప్పడింది కూడా.